రోములో ఒక అమ్మవారి గుడి

రోము నగరం చూడబోయేవారికి బంధువులూ మిత్రులూ కలసి ఒక పట్టీ వ్రాసి ఇస్తారు. కొలోసియం చూడండి, సెయింట్ పీటర్స్ చూడండి, ట్రేవీ ఫౌంటెన్ దగ్గర వెనక్కు తిరిగి నాణెం వెయ్యడం మాత్రం మరచిపోకండి - ఇల్లా. ఆ పట్టీ అంతా మేమూ పూర్తి చేశాము. నాణెం మా ఆవిడ వేసింది. మన రూపాయి చెల్లుతుందా, వాళ్ళ డబ్బే వెయ్యాలా అని మా అమ్మాయిని అడిగి మరీ వేసింది. కాని ఆ పట్టీలో లేని చోటు ఒకటి నేను చూచాను. ఆ సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నేను గుంటూరు జిల్లాలో ముప్ఫై ఏళ్ళు హైస్కూలు పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి ఉద్యోగరీత్యా రోములో ఉంటున్నది. "నాన్నా, మీరు పాఠం చెప్పిన ఊరు ఒక్కసారైనా కళ్ళతో చూడవద్దూ?" అని పోరుపెట్టి మా ఇద్దరినీ రప్పించుకుంది. ఉగాది వెళ్ళిన వారానికి అక్కడ దిగాము. ఎండ మన మాఘమాసపు ఎండలాగా హాయిగా ఉన్నది.

ఒకనాటి ఉదయం పాలటైన్ కొండ ఎక్కాము. కొండ అంటే తిరుమల కొండ అనుకోకండి; మన ఊరి చెరువుగట్టుకు అన్నగారు, అంతే. రోము పుట్టింది ఈ కొండమీదనే అంటారు. రోములస్ గుడిసె ఇక్కడే ఉండేదని చెప్పే చోట రాతినేలలో గుంజలు పాతిన గుంటలు చూపిస్తారు. ఆ ప్రక్కనే మహాచక్రవర్తి అగస్టస్ నివసించిన ఇల్లు. ఈ రెంటికీ దగ్గరలో, ఓక్ చెట్ల నీడలో, పెచ్చులూడిన ఒక ఎత్తైన దిమ్మె కనుపించింది. గోడలు లేవు, స్తంభాలు లేవు. యాత్రికులు దానివైపు చూడకుండానే సాగిపోతున్నారు. మా ఆవిడ కాళ్ళు నొప్పులని అక్కడ ఒక రాతిమీద చతికిలబడింది. "ఇదేమిటే?" అని అమ్మాయిని అడిగింది.

"మహామాత గుడి అమ్మా. సిబెలీ అని దేవత. ఈ ఊరి దేవత కాదు, పరదేశం నుంచి తెచ్చుకున్నారు" అన్నది అమ్మాయి.

అక్కడినుంచి కథ నాది. ఎందుకంటే హానిబాల్ దండయాత్ర నేను ఎన్నోసార్లు చెప్పిన పాఠం. క్రీ.పూ. 218 లో ఏనుగులతో ఆల్ప్స్ పర్వతాలు దాటివచ్చిన హానిబాల్ పదేళ్ళు దాటినా ఇటలీ వదలలేదు. రోము వాళ్ళకు దిక్కు తోచలేదు. అప్పుడు సిబిల్ వాక్కులనే తాళపత్రాల్లాంటి పవిత్ర గ్రంథాలను తీసి చూచారు. ఫ్రీజియా దేశపు మహామాతను తీసుకువస్తే శత్రువు తొలగిపోతాడని వాటిలో ఉన్నదట. ఫ్రీజియా అంటే ఇప్పటి తుర్కీలో ఒక భాగం. పెర్గమం రాజు అట్టాలస్ సహాయంతో క్రీ.పూ. 204 లో ఆ దేవతను ఓడలో తెచ్చారు. ఆ దేవత ఎల్లా ఉండేదంటారా? ముక్కూ మొగమూ లేని ఒక నల్లరాయి!

మా ఆవిడకు ఇంక ఏమీ విప్పి చెప్పవలసిన పని లేకపోయింది. "ఓహో, మన పొలిమేర అమ్మవారే" అన్నది. ఊళ్ళో మశూచి వస్తేనూ, వానలు పడకపోతేనూ అమ్మవారికి జాతర చేసే దేశంనుంచి వచ్చినవాళ్ళం. రాయిలో తల్లిని చూడడం మాకు ఒకరు నేర్పాలా?

ఓడ టైబర్ నది ముఖద్వారంలో ఇసుకలో దిగబడిపోయిందనీ, క్లాడియా క్వింటా అనే ఆవిడ తన నడికట్టు తాడు కట్టి లాగితే కదలి వచ్చిందనీ ఒక కథ. ఆమె శీలాన్ని గురించి ఊరివాళ్ళు ఏవో అనుకుంటూ ఉండగా ఆ తల్లి అల్లా సాక్ష్యం చెప్పిందట. తరువాత మూడేళ్ళలోపునే హానిబాల్ ఇటలీ వదలి పోవడమూ, జామా యుద్ధంలో క్రీ.పూ. 202 లో ఓడిపోవడమూ జరిగాయి. క్రీ.పూ. 191 లో ఈ కొండమీద గుడి ప్రతిష్ఠ చేశారు. ఏటా ఏప్రిల్ 4 నుంచి 10 దాకా ఉత్సవాలు, నాటకాలు. చక్రవర్తుల కాలంలో మార్చి నెలలో అమ్మవారిని బండిమీద ఊరేగించి ఆల్మో అనే వాగులో స్నానం చేయించేవారు.

ఇంతవరకూ నేను పిల్లలకు చెప్పిన పాఠమే. పాఠంలో లేని భాగం మా అమ్మాయి చెప్పింది.

అమ్మవారు ఒంటరిగా రాలేదు; ఆమె సేవకులూ వెంట వచ్చారు. వాళ్ళను గాల్లి అనేవారు. మన హైదరాబాదు గల్లీ కాదు లెండి. ఫ్రీజియాలో గాలుస్ అనే నది ఉన్నది, ఆ పేరే వచ్చిందని కొందరు చెప్పారు. లాటిన్‌లో ఆ మాటకు కోడిపుంజు అని కూడా అర్థం. అంచేత రోములో వేళాకోళాలకు కొదవ లేకపోయింది. వీళ్ళు పుట్టుకతో మగవారు. అమ్మవారి ప్రియుడైన ఆటిస్ ఒక పైన్ చెట్టుక్రింద తన పుంస్త్వాన్ని త్యజించాడని కథ. వీళ్ళూ ఆ ప్రకారమే చేసి, ఆడవారి దుస్తులు ధరించి, జడలు పెంచి, పరిమళాలు పూసుకొని, నగలు పెట్టుకొని, జీవితమంతా ఆ తల్లి సేవలో గడిపేవారు. కంజిరలు వాయిస్తూ, తాళాలు మోగిస్తూ, వేణువులు ఊదుతూ వీధుల వెంట నడిచేవారు. జనం వాళ్ళమీద నాణేలూ, గులాబీలూ చల్లేవారు.

"అయితే గౌరవంగానే చూచారన్నమాట" అన్నది మా ఆవిడ.

"ఊరేగింపు రోజున" అన్నది అమ్మాయి.

మిగిలిన రోజుల సంగతి వేరు. రోములో పుట్టిన పౌరుడెవడూ ఆ రంగురంగుల బట్టలు కట్టి వాళ్ళతో నడవకూడదని సెనేటు శాసించినట్టు డయొనీసియస్ అనే చరిత్రకారుడు వ్రాశాడు. వాళ్ళు బిచ్చమెత్తుకోవడానికి కొన్ని రోజులు మాత్రం కేటాయించారు. క్రీ.పూ. 101 లో ఒక రోము పెద్దమనిషి దగ్గరున్న బానిస తన్ను ఆ తల్లికి అర్పించుకుంటే వాణ్ణి సముద్రం దాటించి, మళ్ళీ రోములో అడుగుపెట్టవద్దన్నారు. తల్లి కావాలి, తల్లి ఇచ్చే విజయం కావాలి. ఆమె వెంట వచ్చినవాళ్ళు మాత్రం గడప అవతల ఉండాలి!

నేను మా ఆవిడ వైపు చూచాను. ఆమె నావైపు చూచి, కొంగుతో మొగం తుడుచుకొని, "ఎండెక్కుతున్నది, పదండి" అన్నది. ఆమె ఎవరిని తలచుకున్నదో నాకు తెలుసు.

మధ్యాహ్నం అమ్మాయి ఒక శిల్పం బొమ్మ చూపించింది. అది కాపిటోలైన్ మ్యూజియం వారి సొత్తు. రోముకు దక్షిణాన లనూవియం దగ్గర దొరికింది. క్రీస్తుశకం రెండవ శతాబ్దం నాటిది. చలువరాతిలో అమ్మవారి పూజారి ఒకరు నిలువెత్తు ధీమాగా మనవైపు చూస్తున్నారు. తలమీద పతకాలు పొదిగిన కిరీటం, భుజాలమీదకు వేలాడే పేటలు, రొమ్ముమీద ఆటిస్ ప్రతిమ, చేతిలో పండ్లు. చుట్టూ తాళాలు, కంజిర, జంట పిల్లనగ్రోవులు, ఒక కొరడా. ఆ మొగంలో సిగ్గు లేదు, బెదురు లేదు. పెండ్లిపందిట్లో పీటమీద కూర్చున్న పెద్దముత్తయిదువ మొగంలో ఉండే నిండుదనం ఉన్నది.

ఈ మనుష్యులు తమ్ము గురించి తాము వ్రాసుకున్న పుస్తకం ఒక్కటీ మనదాకా రాలేదు. వ్రాసినవారంతా ఇతరులు, వారిలో జువెనాల్, మార్షల్ వంటి హాస్యకవులే హెచ్చు. అయినా అక్కడక్కడా నిజం తొంగిచూస్తుంది. అపులియస్ అనే ఆయన కథలో సిరియా దేవత సేవకులను ఎగతాళి చేస్తాడు. ఆ కథలో వాళ్ళ నాయకుడు ఇంటికి వస్తూనే తనవాళ్ళను "అమ్మాయిలూ!" అని పిలుస్తాడు. నవ్వించడానికి పెట్టిన మాటే కావచ్చు. కాని వాళ్ళ ఇళ్ళలో ఒకరినొకరు ఏమని పిలుచుకునేవారో ఆ పిలుపు మనకు చెబుతున్నది. కటుల్లస్ అనే కవి ఆటిస్ పేరుగల ఒక భక్తుని కథను పద్యంగా వ్రాస్తూ, మార్పు జరిగిన తరువాత ఆ వ్యక్తికి స్త్రీలింగ రూపాలు వాడాడు. వ్యాకరణం కూడా ఆ మార్పును ఒప్పుకోవలసి వచ్చిందన్నమాట.

ఇది ఒక్క రోము సంగతే కాదు. సుమేరు దేశపు ఆలయాలలో గాల అనే గాయకులు శోకగీతాలు పాడడానికి వాడిన మాండలికాన్ని అక్కడి సాహిత్యంలో దేవతలూ స్త్రీలూ మాట్లాడతారు. స్కిథియనులలో ఎనారీలనే జోస్యులు అటు మగవారూ ఇటు ఆడవారూ కానివారని క్రీ.పూ. అయిదవ శతాబ్దంలోనే హెరొడోటస్ వ్రాశాడు. మన కామసూత్రాలు తృతీయ ప్రకృతి అని ఒక పేరు పెట్టాయి. ఇక బృహన్నలనూ శిఖండినీ తెలుగువారికి పరిచయం చెయ్యాలా? తిక్కనగారు భారతం అందుకున్నదే విరాటపర్వంతో! ఇప్పటి మాటలు అప్పటివారికి అతికించడం సరికాదు. ఎవరి కాలం వారిది. కాని ఇటువంటి మనుష్యులు నిన్నగాక మొన్న పుట్టుకొచ్చారనే మాట మాత్రం నిలవదు.

ఆ రాత్రి మా అమ్మాయి పుస్తకాల అలమరలో ఒక పుస్తకం తీసి తిరగవేస్తున్నాను. ఒక పుటలో జెన్యూసియస్ అనే పేరు కనుపించింది.

క్రీ.పూ. 77. జెన్యూసియస్ మహామాత సేవకులలో ఒకరు. దాస్యంనుంచి విడుదల పొందిన ఒకడు తన ఆస్తి జెన్యూసియస్‌కు చెందాలని వీలునామా వ్రాసి చనిపోయాడు. ప్రీటర్ అనే న్యాయాధికారి ఆ వీలునామా ప్రకారం ఆస్తి ఇప్పించాడు. చనిపోయినవాని పూర్వపు యజమాని సుర్డినస్ దానిమీద కాన్సల్ దగ్గరకు అప్పీలు పోయాడు. కాన్సల్ మామెర్కస్ ఎమిలియస్ లెపిడస్ తీర్పు చెప్పాడు. ఈ జెన్యూసియస్ తన శరీరాన్ని తానే మార్చుకున్నాడు గనుక మగవారిలోనూ లెక్కకు రాడు, ఆడవారిలోనూ లెక్కకు రాడు. కాబట్టి ఆస్తి చెందదు. వీలునామా దొంగది అనలేదు. వ్రాసినవానికి మతి లేదనలేదు. రోములో కొన్ని పరిమితులతో ఆడవారికీ వారసత్వం ఉండేది. అంటే మగ అయితే రావచ్చు, ఆడ అయినా రావచ్చు. రెండూ కావు పొమ్మన్నారు. ఈ కథ వ్రాసిపెట్టిన వలేరియస్ మాక్సిమస్ ఆ తీర్పును మెచ్చుకుంటూ, అటువంటివారు కోర్టుకెక్కితే కోర్టుకే మైల అన్న ధోరణిలో వ్రాశాడు.

పుస్తకం మూశాను. నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పడానికి మా ఇంటి సంగతి కొంత చెప్పక తప్పదు.

మా మేనత్తకు ముగ్గురు సంతానం. ఇద్దరు కొడుకులు, మూడో బిడ్డ నాకంటె చిన్న. అప్పట్లో అందరమూ ఆ బిడ్డను "వాడు" అనేవాళ్ళం. నేనిక్కడ "ఆమె" అనే వ్రాస్తాను. బొమ్మల కొలువు పెట్టినా, ముగ్గు వేసినా ఊళ్ళో ఆమెకు సాటి లేదు. స్కూలు వార్షికోత్సవంలో సత్యభామ వేషం వేస్తే ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. అదే జడ, అదే నడక మరునాడు ఇంట్లో కనుపిస్తే మా మామయ్య తాటిబరికె విరిగేదాకా కొట్టాడు. స్టేజీమీద వేసినది వేషం గనుక అందరికీ ముద్దయింది. ఇంట్లోది వేషం కాదు గనుక ఎవరికీ సహించలేదు. పదిహేడో ఏట ఆమె ఇల్లు వదలి పోయింది. పోయేముందు మా ఇంటి అరుగుమీద కూర్చొని, "బావా, ఒక యాభై రూపాయలున్నాయా?" అని అడిగింది. ఇచ్చాను. ఎక్కడికని అడగలేదు.

తరువాత చాలా ఏళ్ళకు సికిందరాబాదులో కుట్టుమిషను పెట్టుకొని బ్రతుకుతున్నదని తెలిసింది. పేరు మార్చుకున్నది. తల్లికి ఏటా సంక్రాంతికి తన చేత్తో కుట్టిన రవికె ఒకటి పంపేది. మా మేనత్త దానిని పెట్టెలో అడుగున దాచేది. ఎవరూ లేనప్పుడు తొడుక్కునేది.

మేనత్త పోయేరోజున నేను మంచం ప్రక్కనే ఉన్నాను. ఇల్లు ఆమె పేరునే ఉన్నది. చేతులకు నాలుగు బంగారు గాజులున్నాయి. "నా గాజులు దానికివ్వండి" అన్నది. రెండుసార్లు అన్నది. దానికి! ఆమెకు ఆడపిల్లలు లేరు గదా. తెలుగు తెలిసినవాళ్ళం, ఆ మాట ఎవరిని గురించో మా అందరికీ అర్థమయింది. పెద్దకొడుకు మాత్రం, "మా అమ్మాయిని గురించి చెప్పింది, మనవరాలంటే ప్రాణం" అన్నాడు. ఎవరూ కాదనలేదు. గాజులు మనవరాలి చేతికి వెళ్ళాయి.

నెల తిరగ్గానే ఇల్లు ఇద్దరి పేర మార్చుకోవడానికి కాగితాలు తయారయ్యాయి. చనిపోయిన ఆమెకు సంతానం ఇద్దరే అని వ్రాశారు. "వాడు మగాడా, ఆడదా? ఏమని వ్రాస్తాం?" అన్నాడు పెద్దవాడు. సాక్షి సంతకానికి కాగితం నా ముందుకు జరిపాడు. నేను చేశాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు నిజం చెప్పాలని చెప్పిన చేతితోనే చేశాను.

ఆ రాత్రి రోములో లెక్క చూచుకుంటే సంగతి తేటతెల్లంగా ఉన్నది. నపుంసకులకు భాగం లేదని మనుస్మృతి అన్నమాట నిజమే. కాని 1956 హిందూ వారసత్వ చట్టం అటువంటి అడ్డంకులను తీసివేసింది. తల్లి ఆస్తిలో కొడుక్కూ భాగం ఉన్నది, కూతురికీ భాగం ఉన్నది. ఆ బిడ్డను కొడుకని వ్రాసినా మూడోవంతు వస్తుంది, కూతురని వ్రాసినా మూడోవంతు వస్తుంది. రెండూ కాదని తేల్చినవాళ్ళం మేమే. లెపిడస్ కాన్సల్ రెండువేల ఏళ్ళ క్రింద చెప్పిన తీర్పుకు నేను సాక్షి సంతకం పెట్టానన్నమాట!

మరునాడు అమ్మాయి మమ్మల్ని ఓస్టియా తీసుకువెళ్ళింది. పిరమిడ్ దగ్గర స్టేషనులో రైలెక్కితే అరగంట ప్రయాణం. ఓస్టియా ఒకప్పుడు రోముకు రేవు. ఇప్పుడు సముద్రం కొన్ని మైళ్ళు వెనక్కు పోయింది. అమ్మవారి ఓడ వచ్చి ఆగింది ఈ తీరంలోనే. పాత ఊరి దక్షిణపు కొసను, లారెంటం ద్వారం ప్రక్కన, మూడు మూలల మైదానం ఒకటి ఉన్నది. ఒక మూల మహామాత గుడి దిమ్మె. మరొక మూల ఆటిస్ మందిరం, దాని వాకిటికి ఇరువైపులా పాన్ దేవుని ప్రతిమలు. లోపల ఆటిస్ పడుకొని ఉన్న విగ్రహానికి నకలు పెట్టారు. అసలుది వాటికన్ వారి దగ్గర ఉన్నది. పచ్చగడ్డిలో ఎర్రని గసగసాల పూలు. మనుష్యసంచారం లేదు.

అక్కడ కూర్చొని మా అమ్మాయికి గాజుల సంగతీ, సంతకం సంగతీ మొదటిసారి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "నాన్నా, ఇంగ్లండులో ఒక సమాధి బయటపడింది, తెలుసా?" అన్నది.

యార్కుషైర్‌లో కాటరిక్ అనే చోట 1980ల మొదట్లో తవ్వకాలు జరిపితే రోమనుల నాటి ఒక శ్మశానంలో నాలుగవ శతాబ్దపు అస్థిపంజరం దొరికింది. మెడలో జెట్ అనే నల్లరాతి పూసల పేరు, చేతులకు కంకణాలు, కాలికి కంచు కడియం. నోట్లో రెండు గులకరాళ్ళు. నగలు చూచి ఆడమనిషి అనుకున్నారు. ఎముకలు పరీక్షిస్తే ఇరవై ఏళ్ళు దాటిన మగ శరీరమని తేలింది. మహామాత సేవకులలో ఒకరై ఉంటారని పరిశోధకులు 2002 లో ప్రకటించారు. అందరూ ఒప్పుకున్న మాట కాదు గాని, చాలామంది అల్లాగే భావిస్తున్నారు.

"రోముకు అంతదూరాన, ఆ చలిదేశంలో, ఎవరో ఆ మనిషిని సాగనంపారు నాన్నా. చేతులకున్నవి చేతులకే ఉంచారు. ఒక్క పూస కూడా తీసుకోలేదు" అన్నది.

ఇంతకన్న మా అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అనవలసిన అవసరమూ లేకపోయింది. మా ఆవిడ గడ్డిమీద కూర్చొని చెంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నది. "ఇంటికి పోగానే ఉత్తరం వ్రాయండి" అన్నది.

ఉత్తరం ఇంటికి వెళ్ళేదాకా ఆగలేదు. ఆ రాత్రే వ్రాశాను. మొదటి గీతలోనే చిక్కు వచ్చింది, ఏమని సంబోధించాలి? మన ఉత్తరాల మర్యాదలు మీకు తెలుసు గదా. కలం పట్టుకొని కూర్చుంటే అప్పుడు తట్టింది: "చిరంజీవి" అన్నది మగపిల్లలకూ వాడతాము, ఆడపిల్లలకూ వాడతాము. "వారు" అన్నా, "గారు" అన్నా అంతే. మన భాషకు ఉన్న పెద్దమనసు మనకే లేకపోయింది. "చిరంజీవి" అని వ్రాసి, ఆమె పెట్టుకున్న పేరు వ్రాశాను. ఆ పేరు నా చేత్తో వ్రాయడం అదే మొదలు. సంతకం సంగతి దాచకుండా చెప్పి, కాగితాలలో తప్పు వ్రాశారని అధికారుల ముందు చెప్పడానికి నేను సిద్ధమని వ్రాశాను.

తిరిగివచ్చిన పదిరోజులకు ఫోను మోగింది. "బావా!" అన్నది. ముప్ఫై ఏళ్ళనాడు అరుగుమీద ఎల్లా పిలిచిందో అల్లాగే. నేను ఫోను పట్టుకొని నుంచుండిపోయాను. బావమరిది అన్నా, మరదలు అన్నా నేను ఎటుచూచినా ఆమెకు బావనే గదా! ఆ చుట్టరికం మారలేదు. దానిని మధ్యలో వదిలేసినవాణ్ణి నేను. ఆమె ఇంటిని గురించి ఏమీ అడగలేదు. "అమ్మ గాజులు దానికివ్వమన్నదా? దానికి అన్నదా బావా? నిజంగా ఆ మాటే అన్నదా?" అని అడిగింది. అన్నదని చెప్పాను. రెండుసార్లు అన్నదని చెప్పాను. అవతల చాలాసేపు మాట వినిపించలేదు.

కాలం కొంత మారింది. మగ, ఆడ కాక మూడవ వర్గాన్ని గుర్తించి, వారికీ ప్రాథమిక హక్కులున్నాయని మన సుప్రీం కోర్టు 2014 ఏప్రిల్ 15 న తీర్పు చెప్పింది. ఆడదుస్తులతో వీధిలో కనుపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చునన్న నిజాం కాలపు 1919 నాటి శాసనాన్ని తెలంగాణ హైకోర్టు 2023 లో కొట్టివేసింది. కాని కోర్టు ఎంత పెద్దదైనా ఇంటి గడపదాకానే రాగలదు. లోపలికి రమ్మనవలసింది ఇంటివాళ్ళే.

పెద్దకొడుకు ఇప్పుడు నాతో మాట్లాడడం లేదు. ఇంటి కాగితాల వ్యవహారం ఇంకా తేలలేదు, తేలేదాకా తిరుగుతాను. గాజులు మాత్రం చేరవలసిన చోటికి చేరాయి. సంగతి విన్న మనవరాలు తనంత తానే వచ్చి నాలుగు గాజులూ మా ఆవిడ చేతిలో పెట్టి, "నాకు తెలియదు పిన్నీ, తెలిస్తే అప్పుడే ఇచ్చేదాన్ని" అన్నది. వాటిని తీసుకొని మేమిద్దరమూ సికిందరాబాదు వెళ్ళాము. కుట్టుమిషను ప్రక్కన స్టూలు వేసి కూర్చోబెట్టింది. గాజులు కాస్త బిగుతయినాయి. మా ఆవిడ సబ్బునీళ్ళు తెమ్మని, ఒక్కొక్కటే నెమ్మదిగా ఎక్కించింది.